పాత కంప్యూటర్‌లో సీ డ్రైవ్ నిండిపోయింది: ఏది తీసేయవచ్చు, దేన్ని ముట్టకూడదు?

ప్రశ్న: విశ్రాంత ఉపాధ్యాయుడు, వనపర్తి

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఉన్న డెస్క్‌టాప్ కంప్యూటర్‌ను 2012లో మహబూబ్‌నగర్‌లో కొన్నాను. అందులో 500 జీబీ హార్డ్ డిస్కు, 4 జీబీ ర్యామ్ ఉన్నాయి. మొదట విండోస్ 7 ఉండేది. తరువాత మా మేనల్లుడు దానిని విండోస్ 10కి మార్చిపెట్టాడు. నెల రోజులుగా సీ డ్రైవ్ గీత ఎర్రబడి, 600 ఎంబీ మాత్రమే ఖాళీ ఉన్నట్లు చూపుతోంది. మీట నొక్కి, చాయ్ తాగి, పేపరు మొదటి పేజీ ముగించి వచ్చినా యంత్రం ఇంకా తెరుచుకుంటూనే ఉంటుంది. నిన్న ఒక ఉత్తరం టైపు చేసి సేవ్ చేయబోతే డిస్కులో చోటు లేదని చెప్పి ఆగిపోయింది.

నేను దీనిని వాడేది మూడు పనులకే. మా ఊరి భూములకు సంబంధించిన పాత కాగితాలను, అంటే 1954-55 నాటి ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరి పేరున, ఎవరి సాగులో ఉందో రాసిన పాత రెవెన్యూ దస్త్రం) నకళ్లు, సేత్వార్ (భూమి సర్వే నాటి రిజిస్టరు) నకలు, పట్టాదారు పాస్‌పుస్తకాలు, అన్నదమ్ముల పంపకాల కాగితాలు వంటివాటిని, చెదలు పట్టకముందే స్కాన్ చేసి దాచుకుంటున్నాను. రెండవది, మా పెద్దమ్మాయి పెళ్లి ఫొటోలు, వీడియోలు ఇందులోనే ఉన్నాయి. మూడవది తెలుగు టైపింగ్, దానికి పెద్దగా చోటు అక్కరలేదని నాకు తెలుసు.

రీసైకిల్ బిన్ ఖాళీ చేశాను. వాడని ఆటలు రెండు తీసేశాను. ఒక జీబీ పైచిలుకు వచ్చింది కానీ వారం తిరగకముందే మళ్లీ మాయమైంది. విండోస్ ఫోల్డర్‌లో విన్‌ఎస్ఎక్స్ఎస్ అనే పెద్ద ఫోల్డర్ ఉంటుందని, దానిని తీసేస్తే పది జీబీలు ఒక్కసారిగా వస్తాయని తెలిసినవారొకరు చెప్పారు. చేయి వేయడానికి భయమేసి మిమ్మల్ని అడుగుతున్నాను. ఇంకొక సందేహం: డిస్కు పెట్టె మీద 500 అని ఉంది, సీ (C), డీ (D), ఈ (E) డ్రైవ్‌లు మూడూ కలిపితే మాత్రం 465 జీబీ దాటడం లేదు. మిగిలిన 35 జీబీ ఎటు పోయినట్లు? పైగా సీ డ్రైవ్ 97.6 జీబీ అని చూపుతుంది. నూరు కాదు, తొంభై అయిదు కాదు, ఈ లెక్క ఎక్కడిదో అర్థం కాదు. ఈ వయసులో కొత్త కంప్యూటర్ కొనే ఉద్దేశం నాకు లేదు.

జవాబు 1: కంప్యూటర్ మరమ్మతుల దుకాణం, నల్లగొండ

నమస్తే సార్. ముందుగా విన్‌ఎస్ఎక్స్ఎస్ జోలికి వెళ్లకండి. విండోస్ తన భాగాల అసలు ప్రతులను ఉంచుకునే చోటు అది. అక్కడి ఫైళ్లలో చాలావరకు వేరే ఫోల్డర్లలో కూడా మరో పేరుతో కనిపించేవే కాబట్టి, ఒకే ఫైలును రెండు చోట్ల లెక్కించి ఆ ఫోల్డర్‌ను ఉన్నదానికంటే పెద్దదిగా చూపుతుంది. చేత్తో తీసేస్తే కంప్యూటర్ తెరుచుకోకపోవచ్చు. అలా చేసుకుని సీపీయూను ఆటోలో వేసుకుని మా దుకాణానికి వచ్చినవారిని చూశాను. అందులో నిజంగా అక్కరలేని పాత అప్‌డేట్లను తీసే పని విండోస్‌కే అప్పజెప్పాలి.

మీ 35 జీబీని ఎవరూ తినలేదు. డిస్కు తయారుచేసేవారు జీబీ అంటే సరిగ్గా నూరు కోట్ల బైట్లుగా లెక్కిస్తారు, విండోస్ మాత్రం 1024ను మూడుసార్లు హెచ్చవేసి ఒక జీబీ అంటుంది; అందువల్ల 500 కాస్తా 465 అవుతుంది. తూకం ఒకటే, రాళ్లు వేరు. 97.6 వెనుక ఉన్నది మా మెకానిక్‌ల అలవాటు. విండోస్ ఎక్కించేటప్పుడు సీ డ్రైవ్ ఎంత కావాలో ఎంబీలలో అడుగుతుంది, మేము చేతికి వచ్చినట్లు 100000 అని కొట్టేస్తాము. దానిని 1024తో భాగిస్తే 97.6 వస్తుంది. 2012లో అది చాలా ఎక్కువ అనిపించేది.

ఇప్పుడు పని విషయం. ఏది తీసేయాలి అని ఆలోచించే ముందు ఏది నిండి ఉందో చూడండి. విన్‌డిర్‌స్టాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. దానిని ఈ (E) డ్రైవ్‌లో ఇన్‌స్టాల్ చేసి, సీ డ్రైవ్‌ను ఎంచుకుంటే, కొద్ది నిమిషాలలో ప్రతి ఫోల్డర్ ఎంత ఆక్రమించిందో పెద్దది పైన ఉండే వరుసలో చూపుతుంది. కింద రంగురంగుల గళ్లు వస్తాయి. ఒక్కో గడి ఒక్కో ఫైలు. గడి ఎంత పెద్దదైతే ఫైలు అంత పెద్దది. ఆ పటాన్ని చూసి ఇక్కడ రాయండి.

ఈలోగా డిస్క్ క్లీనప్ నడపవచ్చు. సీ డ్రైవ్‌పై కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి వెళితే అది కనిపిస్తుంది. అందులో క్లీన్ అప్ సిస్టమ్ ఫైల్స్ అనే మీట నొక్కితేనే పాత అప్‌డేట్ల వరుస కూడా వస్తుంది. అయితే విండోస్ 10లోని కొన్ని వెర్షన్లలో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ కూడా ఆ జాబితాలో చేరి ఉంటుంది. దానికి ఎదురుగా టిక్కు పెట్టి ఓకే అంటే మీరు దింపుకున్నవన్నీ పోతాయి, రీసైకిల్ బిన్‌లో కూడా దొరకవు. ఒక్కొక్క వరుస చదివి టిక్కు పెట్టండి. హైబర్నేషన్‌ను, అంటే తెరిచి ఉన్న పనిని డిస్కులో దాచి యంత్రాన్ని ఆపే సదుపాయాన్ని, తీసేస్తే, ర్యామ్‌లో సుమారు 40 శాతం పరిమాణంలో ఉండే ఫైలు ఒకటి తొలగి మరో జీబీన్నర వస్తుంది. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి చేయాలి, కావాలంటే విధానం రాస్తాను.

జవాబు 2: డిగ్రీ విద్యార్థి, మిర్యాలగూడ

సార్, ఇంత శ్రమ అవసరం లేదనుకుంటాను. ఒక్క మీటతో రిజిస్ట్రీ (విండోస్ తన అమరికలన్నీ రాసుకునే పట్టిక) మొత్తం శుభ్రం చేసి, వేగం పెంచే ఉచిత క్లీనర్లు ఎన్నో ఉన్నాయి. నేను ఒకటి వాడుతున్నాను. మొదటిసారి నడిపినప్పుడు వందలాది తప్పులు పట్టుకుంది.

జవాబు 3: కళాశాల కంప్యూటర్ ల్యాబ్ నిర్వాహకురాలు, మహబూబ్‌నగర్

తమ్ముడూ, నీ ఉద్దేశం మంచిదే కానీ, ఆ సలహా సార్ పరిస్థితికి పనికిరాదు. రిజిస్ట్రీ మొత్తం కలిపినా కొన్ని వందల ఎంబీలకు మించదు, అందులోని వరుసలు కొన్ని తీసేస్తే డిస్కులో కనిపించేంత చోటు రాదు. వందలాది తప్పులు అని ఎర్ర అక్షరాలలో చూపడం ఆ సాఫ్ట్‌వేర్ల బేరం. మా ల్యాబ్‌లో ఒక యంత్రంలో ఎవరో విద్యార్థి అలాంటిది ఎక్కించాడు. దానితోపాటు బ్రౌజర్‌కు రెండు టూల్‌బార్లు, రోజూ డబ్బు కట్టమని అడిగే ఒక కిటికీ కూడా వచ్చి చేరాయి, వాటిని వదిలించుకోవడానికి నాకు ఒక మధ్యాహ్నం పట్టింది.

సార్, మీరు రాసిన మూడు పనులలో మొదటిదే నాకు అనుమానంగా ఉంది. మీరు స్కాన్ చేసిన ఒక పహాణీ పుటపై కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో దాని పరిమాణం, చివర ఉన్న మూడక్షరాల రకం చూసి చెప్పండి. బీఎంపీ అని ఉంటే దొంగ దొరికినట్లే. ఏ4 కాగితాన్ని అంగుళానికి 600 చుక్కల చొప్పున రంగులలో స్కాన్ చేస్తే అడ్డంగా 4960, నిలువుగా 7016 చుక్కలు వస్తాయి. చుక్కకు 3 బైట్లు. బీఎంపీ రకం ఏమీ కుదించకుండా ఉన్నదున్నట్లు రాసుకుంటుంది కాబట్టి ఒక్క పుటకే 10 కోట్ల 44 లక్షల బైట్లు, అంటే ఇంచుమించు 100 ఎంబీ అవుతుంది. అదే కాగితాన్ని 300 చుక్కలకు తగ్గిస్తే సగం కాదు, నాలుగో వంతుకు దిగుతుంది, ఎందుకంటే అడ్డమూ నిలువూ రెండూ సగమవుతాయి. దానిని కుదించి దాచే జేపీజీ రకంగా భద్రపరిస్తే మామూలు కాగితం రెండు మూడు ఎంబీల లోపే ఉంటుంది, అక్షరాలు చక్కగా చదవవచ్చు.

హైబర్నేషన్ విషయంలో నల్లగొండ అన్నగారితో నేను ఏకీభవించలేను. దానిని పూర్తిగా ఆపేస్తే విండోస్ 10లో యంత్రం త్వరగా తెరుచుకునేలా చేసే ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆగిపోతుంది. పాత తిరిగే డిస్కు ఉన్న యంత్రంలో అది కాస్తో కూస్తో ఆసరా. పేపరు మొదటి పేజీతో ముగిసేది మూడో పేజీ దాకా సాగవచ్చు. పెద్ద ఫైళ్లు దొరికితే ఆ జీబీన్నర కోసం కక్కుర్తి పడనక్కరలేదు.

ప్రశ్న వేసినవారు: విశ్రాంత ఉపాధ్యాయుడు, వనపర్తి

మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. విన్‌డిర్‌స్టాట్ నడిపాను. తెర సగానికి దగ్గరగా ఒకే రంగు గళ్లు, అన్నీ ఒకే కొలత, వరుసగా పేర్చిన ఇటుకల్లాగా కనిపించాయి. ఒకదానిపై నొక్కితే మా పెద్దనాయన పేరు మీద ఉన్న పహాణీ నకలు. పరిమాణం 99.5 ఎంబీ, రకం బీఎంపీ. మేడం గారు కాగితం చూడకుండానే చెప్పిన లెక్క అది. డాక్యుమెంట్స్‌లోని స్కాన్డ్ డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో ఇలాంటివి 412 ఉన్నాయి, మొత్తం 40 జీబీ. విండోస్ ఫోల్డర్ 27 జీబీ. డెస్క్‌టాప్ మీద న్యూ ఫోల్డర్, న్యూ ఫోల్డర్ 2, న్యూ ఫోల్డర్ 3 అని మూడున్నాయి; మూడింటిలోనూ అవే పెళ్లి ఫొటోలు, ఒక్కోటి 3 జీబీ. కెమెరా కార్డు నుంచి మా ఇంట్లో ముగ్గురూ ఎవరికి వారు దింపుకున్నట్లున్నారు.

స్కానర్ కొన్న రోజున పిల్లవాడొకడు అన్నింటికంటే మంచి నాణ్యత పెడుతున్నానని చెప్పి అమర్చిపోయాడు. ఆరేళ్లుగా నేను దానిని మార్చలేదు.

ఇప్పుడు రెండు సందేహాలు. ఈ 412 పుటలనూ మళ్లీ స్కాన్ చేయడం నా వల్ల కాదు, కొన్ని అసలు కాగితాలు ఇప్పుడు మా తమ్ముడి దగ్గర ఉన్నాయి. ఉన్నవాటినే చిన్నవి చేయవచ్చా? రెండవది, డీ డ్రైవ్‌లో 11 జీబీ, ఈ (E) డ్రైవ్‌లో 96 జీబీ ఖాళీ ఉన్నాయి. డీ అంతా పెళ్లి వీడియోలే. వాటిని 64 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి మార్చబోతే, పెన్‌డ్రైవ్ మొత్తం ఖాళీగా ఉన్నప్పటికీ ఫైలు చాలా పెద్దదని చెప్పి తిరస్కరించింది. ఇదేమి విడ్డూరం?

జవాబు 4: కంప్యూటర్ మరమ్మతుల దుకాణం, నల్లగొండ

హైబర్నేషన్ గురించి మేడం చెప్పినది ఒప్పుకుంటున్నాను. 40 జీబీ కళ్ల ముందు ఉన్నప్పుడు హైబర్నేషన్‌ను కదిలించవద్దు.

పెన్‌డ్రైవ్ సంగతి సులభం. అది ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటుంది. ఆ పద్ధతిలో ఒక్కొక్క ఫైలు 4 జీబీ లోపే ఉండాలి, మొత్తం చోటు ఎంతున్నా సరే. పెన్‌డ్రైవ్‌లో దాచుకోవలసినవి ఏవీ లేవని చూసుకుని, దానిపై కుడి క్లిక్ చేసి, ఆ హద్దు లేని ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిని ఎంచుకుని ఫార్మాట్ చేయండి. మీ వీడియోలు చిన్న క్యాసెట్ల కెమెరాలో తీసి ఏవీఐగా ఎక్కించినవైతే గంటకు సుమారు 13 జీబీ అవుతాయి. అయిదు గంటల పెళ్లికే 65 జీబీ, అంటే ఈ పెన్‌డ్రైవ్‌లో ఎలాగూ పట్టదు. బయట పెట్టుకునే హార్డ్ డిస్కు ఒకటి తీసుకోవడం మేలు. యంత్రం వెనుక నీలం రంగు యూఎస్‌బీ రంధ్రం ఉంటే అందులో పెట్టండి. నల్లనివి మాత్రమే ఉంటే వేగం తక్కువ, 65 జీబీకి ముప్పావుగంట దాకా పట్టవచ్చు. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వాటిని చాలా చిన్నవి చేయవచ్చు కానీ, 2012 నాటి ప్రాసెసర్ మీద ఒక్కో గంట వీడియోకు చాలాసేపు ఆగాలి. రాత్రి పెట్టి పడుకోవాలి. అసలు ఫైళ్లు వేరే చోట భద్రంగా ఉన్నాయని తేలేదాకా వాటిని తీసేయకండి.

స్కాన్ల విషయానికి వస్తే, ఇర్ఫాన్‌వ్యూ అనే సాఫ్ట్‌వేర్ ఇంటి వాడకానికి ఉచితం. అందులో ఫైల్ మెనూలో బ్యాచ్ కన్వర్షన్ ఉంది. 412 బీఎంపీలను ఒకేసారి ఎంచుకుని, జేపీజీ, నాణ్యత 90 అని పెట్టి, అడ్డం నిలువు సగానికి తగ్గించమని చెప్పి, ఫలితాలు ఈ (E) డ్రైవ్‌లోని వేరే ఫోల్డర్‌లో పడేలా చూపితే, అసలు ఫైళ్లను ముట్టకుండా అదే వరుసగా చేసుకుపోతుంది. ముందు పది పుటలతో ప్రయత్నించి, సర్వే నంబర్లు, ఎకరాల గుంటల అంకెలు పెద్దవి చేసి చూడండి. ఒక 3 ఎనిమిదిలా కనిపించినా ఆ పుటను తగ్గించవద్దు.

మరొక మాట. ఫైళ్లను ఒక డ్రైవ్ నుంచి మరో డ్రైవ్‌కు మార్చేటప్పుడు కట్ చేసి పేస్ట్ చేయకండి. మన దగ్గర కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేము, యూపీఎస్ బ్యాటరీ ఎంతసేపు ఆగుతుందో అంతకంటే చెప్పలేము. కాపీ చేయండి, రెండు వైపులా ఫైళ్ల సంఖ్య, మొత్తం బైట్లు సరిపోయాయో లేదో ప్రాపర్టీస్‌లో చూడండి, నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి, ఆ తరువాతే పాతవి తీసేయండి. సగంలో ఆగిన బదిలీలతో పిల్లల ఫొటోలు పోగొట్టుకుని వచ్చినవారికి నేను చెప్పగలిగిన మంచి మాట ఏదీ ఉండదు.

జవాబు 5: కళాశాల కంప్యూటర్ ల్యాబ్ నిర్వాహకురాలు, మహబూబ్‌నగర్

ఇది ముగిశాక ఒక పని మిగిలి ఉంటుంది సార్, లేకపోతే ఏడాదిలో మళ్లీ ఇదే ప్రశ్న అడగవలసి వస్తుంది. డాక్యుమెంట్స్ ఫోల్డర్ పుట్టుకతోనే సీ డ్రైవ్‌లో ఉంటుంది. ఈ (E) డ్రైవ్‌లో ముందుగా దస్త్రాలు అని ఒక ఫోల్డర్ తయారుచేయండి. తరువాత డాక్యుమెంట్స్‌పై కుడి క్లిక్, ప్రాపర్టీస్, లొకేషన్, మూవ్ అని వెళ్లి ఆ దస్త్రాలు ఫోల్డర్‌ను చూపండి. నేరుగా ఈ (E) డ్రైవ్‌నే చూపకూడదు. అలా చేస్తే డ్రైవ్ మొత్తం డాక్యుమెంట్స్‌గా మారిపోయి, వెనక్కి తీసుకోవడం తలనొప్పి అవుతుంది. ఇది కూడా ఫైళ్లను తరలించే పనే కాబట్టి, అన్నగారు చెప్పిన విధంగా నకలు బయట పెట్టుకున్న తరువాతే చేయండి. అటుపై స్కానర్ ఎప్పటిలాగే డాక్యుమెంట్స్‌లో దాచినా, అది ఈ (E) డ్రైవ్‌కే చేరుతుంది. స్కానర్ అమరికలో 300, జేపీజీ అని మార్చడం మరవకండి.

డీ డ్రైవ్‌ను తీసేసి సీలో కలుపుకోమని ఎవరైనా సలహా ఇవ్వవచ్చు. విండోస్ చూపే డిస్కు పటంలో డీ అనేది సీకి ఆనుకుని కుడివైపునే ఉండాలి, లోపలివన్నీ ముందే ఖాళీ చేయాలి, మధ్యలో కరెంటు పోకూడదు; ఇన్ని షరతులు పెట్టుకుని చేయవలసిన అవసరం మీకు ఇప్పుడు లేదు.

జవాబు 6: సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, దేవరకొండ

చోటు సమస్య తీరినా నెమ్మదితనం పూర్తిగా పోదు సార్. తిరిగే డిస్కు మీద విండోస్ 10 నడవడం అలాగే ఉంటుంది. చిన్న ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు) ఒకటి వేయించి విండోస్‌ను దానిలోకి మార్చి, పాత డిస్కును దస్త్రాలకు ఉంచుకుంటే చాయ్ చల్లారేలోగా తెరుచుకుంటుంది. 2012 నాటి యంత్రాలకు కూడా డిస్కును కలిపే అదే సాటా తీగ సరిపోతుంది. అంతకంటే ముందు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మీ పాత డిస్కు ఆరోగ్యం చూసుకోండి. నీలం రంగులో గుడ్ అని ఉంటే సరే, పసుపు రంగులో కాషన్ అని వస్తే ఈ శుభ్రతలన్నీ పక్కనపెట్టి ఆ రోజే పహాణీలను బయటికి నకలు తీసుకోవాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిందనీ, మీ యంత్రం విండోస్ 11 అర్హతలకు సరిపోదనీ కూడా గుర్తుంచుకోండి. బ్యాంకు పనులు దీనిలో చేయకపోవడం మంచిది.

ప్రశ్న వేసినవారు: విశ్రాంత ఉపాధ్యాయుడు, వనపర్తి

నాలుగు రోజులు పట్టింది, ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. డిస్కు పరీక్షలో నీలం రంగే వచ్చింది. బయటి హార్డ్ డిస్కు ఒకటి తెప్పించి, 412 బీఎంపీలనూ, పెళ్లి వీడియోలనూ ముందు దానిలోకి కాపీ చేశాను. రెండో రోజు సాయంత్రం వీడియోలు ఎక్కుతుండగా నిజంగానే కరెంటు పోయింది, యూపీఎస్ మూడు నిమిషాలు కీచుమని అరిచి ఊరుకుంది. కాపీ కాబట్టి అసలువి చెక్కుచెదరలేదు. సగం ఎక్కిన ఒక్క ఫైలును తీసేసి మళ్లీ పెట్టాను. కట్ చేసి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవాలని లేదు.

ఇర్ఫాన్‌వ్యూ నా పాత యంత్రంలో ఒక పూట తీసుకుంది కానీ 40 జీబీ కాస్తా ఒక జీబీ లోపుకు దిగింది. పెళ్లి ఫొటోల మూడు ఫోల్డర్లలో ఫైళ్ల సంఖ్య, బైట్లు సరిచూసి, ఒకదానిని ఈ (E) డ్రైవ్‌కు చేర్చి మిగిలిన రెండూ తీసేశాను. డిస్క్ క్లీనప్‌లో డౌన్‌లోడ్స్ వరుస నా దానిలోనూ ఉంది, టిక్కు పెట్టలేదు. పాత అప్‌డేట్ల నుంచి మూడు జీబీలు వచ్చాయి. డాక్యుమెంట్స్ ఇప్పుడు దస్త్రాలు ఫోల్డర్‌లో ఉంది. సీ డ్రైవ్ గీత నీలంగా మారి 52 జీబీ ఖాళీ చూపుతోంది. తెరుచుకోవడం కొంత మెరుగైంది, పేపరులో ఇప్పుడు శీర్షికలు మాత్రమే చదవగలుగుతున్నాను. ఎస్ఎస్‌డీ సంగతి దసరా తరువాత చూస్తాను.

ఒక్కచోట మాత్రం మీ సలహాను దాటాను. ఖాస్రా పహాణీ నకళ్లలో పదకొండు పుటలకు మొహరు సగం చెరిగిపోయి ఉంది. ఉర్దూ అక్షరాల చుక్కలు తగ్గించిన ప్రతిలో కాగితం మరకలతో కలిసిపోతున్నాయి. ఆ పదకొండింటిని ఒక్క చుక్క కూడా పోకుండా 600లోనే ఉంచి, బయటి డిస్కులో ఒక ప్రతి, ఈ (E) డ్రైవ్‌లో ఒక ప్రతి పెట్టుకున్నాను. అవి ఒక జీబీ పైచిలుకు తీసుకుంటున్నాయి, తీసుకోనివ్వండి.